నురుగునీటిపై ప్రయాణము – హొగేనకల్ పుట్టి మొదలు జాంబెజి తెప్ప వరకు



విదేశయాత్ర చేసి వచ్చినవారు చెప్పు సాహసకథలలో ఒకటి నేడు తరచుగా వినవచ్చుచున్నది. కొండలనడుమ పరుగులిడు నదిలో రబ్బరు తెప్పపై కూర్చుండి, నురుగులు గ్రక్కు కెరటములమీదుగా దిగువకు సాగిపోవుటయే ఆ సాహసము. నేపాళమున త్రిశూలి నదిపైనను, ఆఫ్రికాఖండమున జాంబెజి నదిపైనను, అమెరికాలో కొలరాడో నదిపైనను ఏటేట వేలకొలది జనులు ఈ ప్రయాణము చేయుచున్నారు. మన దేశమున ఋషీకేశమువద్ద గంగానదిపై ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇంగ్లీషువారు దీనిని 'వైట్ వాటర్ రాఫ్టింగ్' అందురు. మనము 'నురుగునీటి ప్రయాణము' అని పిలుచుకొందము.

ఇది ధనవంతుల వినోదమనియు, దూరదేశపు వింతయనియు మీలో కొందరు తలంపవచ్చును. కాని ఉద్దనపల్లి పిల్లలకు ఈ విద్య పరాయిది కాదు. మన ఊరికి దక్షిణముగా, కొండలకావల, కావేరీనది హొగేనకల్ వద్ద రాళ్లనడుమ చీలి పారుచున్నది. అచ్చటి పడవవారు తరతరములుగా ఒక్క తెడ్డు చేతబట్టి, వెదురు పుట్టిలో ఆ నీటిపై తిరుగుచున్నారు. పెద్ద దేశములవారు పుస్తకములు వ్రాసి, పాఠశాలలు పెట్టి నేర్పు విద్యలోని సారము వారి చేతులలో ఉన్నది.

ఈ పాఠమున మనము తెలిసికొనవలసినది ఒక్కటే. ఉరవడి గల నీటిలో దిగువాడు ముందుగా ఆ నీటిని చదువ నేర్వవలెను. చదువెరుగని ధైర్యము నీటిలో అక్కరకు రాదు.

1. పొగరాయి

కావేరి కొడగుసీమలోని తలకావేరివద్ద పుట్టి, సుమారు 800 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. కర్ణాటకమున కనకపుర ప్రాంతమందు అర్కావతి నది దీనితో కలిసిన పిమ్మట, కొంత దిగువను, కావేరి ఇరుకైన రాతికనుమలో దూరును. ఆ తావు పేరు మేకెదాటు. మేక ఒక్క దూకున దాటగలిగినంత ఇరుకని ఆ పేరునకు అర్థము. కన్నడమున 'మేకె' అన్నను, తెలుగున 'మేక' అన్నను ఒక్కటే. 'దాటు' అను మాట రెండు భాషలకును ఉమ్మడి సొత్తు.

ఆ కనుమలగుండ, అడవులగుండ దిగివచ్చిన కావేరి తమిళనాట ధర్మపురి జిల్లాలో హొగేనకల్ చేరును. ఇది ధర్మపురికి సుమారు 46 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఇచ్చట నది పెక్కు పాయలుగా చీలి రాతిగోడలపైనుండి దుముకును. దుమికిన నీటి తుంపరలు పొగవలె పైకి లేచును. కన్నడమున 'హొగె' అనగా పొగ; 'కల్లు' అనగా రాయి. కాబట్టి హొగేనకల్ అనగా పొగరాయి.

ఈ మాటను మరికొంత పరిశీలింతము. తెలుగున 'పొగ', తమిళమున 'పుగై', కన్నడమున 'హొగె'. పూర్వము ప-కారముతో మొదలైన మాటలు పెక్కు కన్నడమున హ-కారమును పొందినవి. మన పాలు వారికి హాలు. మన పులి వారికి హులి. మన పల్లి వారికి హళ్ళి. అందుచేత ఉద్దనపల్లిలోని 'పల్లి'యు, హొగేనకల్ లోని 'హొగె'యు ఒకే వ్యాకరణపాఠమునకు తగిన ఉదాహరణములు. మూడు భాషలు వినబడు సీమలో పెరుగు బిడ్డలకు ఇట్టి పోలికలు సంతలోను, బస్సులోను ఉచితముగా దొరకును.

హొగేనకల్ నీటిలో మన భాగమును కొంత ఉన్నది. దెంకణికోట సీమలోని కొండలలో పుట్టిన చిన్నారు, దీనినే సనత్కుమారనది అందురు, హొగేనకల్ సమీపముననే కావేరిలో కలియుచున్నది. ఆ కొండలపై పడిన వానచినుకు ఆ పుట్టిక్రిందుగా పోవును.

2. నీరు తెల్లబడుట ఏల?

సమతలమున మెల్లగా పారు నదికి ఆకాశపు రంగో, మట్టిరంగో ఉండును. ఉరవడిగా పారు నీరు మాత్రము పాలవలె తెల్లబడును. దీనికి కారణము గాలి. రాళ్లకు కొట్టుకొనిన నీటిలో గాలి చొచ్చి లెక్కకు మిక్కిలియైన బుడగలగును. ఆ బుడగలు వెలుతురును అన్నివైపులకు చెదరగొట్టుటచేత నీరు తెల్లగా కనబడును. ఇట్టి నీటిలో గాలి కలిసియుండుటచేత తేల్చు శక్తి తగ్గును. నిలకడ నీటిలో సులభముగా తేలువాడు నురుగునీటిలో అంత సులభముగా తేలడు.

నీటికి ఉరవడి యెట్లు వచ్చును? మూడు కారణములు కలవు. మొదటిది నేల వాలు. రెండవది ఇరుకు. తోటకు నీరు పెట్టునప్పుడు గొట్టపు మూతిని వ్రేలితో సగము మూసినచో నీరు దూరముగా చిమ్ముట మీరు చూచియేయుందురు. వచ్చు నీరు వచ్చుచునే యుండగా దారి ఇరుకైనచో, ఆ నీరంతయు పోవుటకై వేగము హెచ్చవలసినదే. మేకెదాటువద్ద జరుగునది ఇదియే. మూడవది నదీగర్భమున నున్న రాళ్లు. ఇవి నీటిని త్రిప్పి, లేపి, పడవేయును.

వేగము హెచ్చిన కొలది నీటి త్రోపు ఎట్లు హెచ్చునో గమనింపుడు. వేగము రెండింతలైనచో త్రోపు రెండింతలు కాదు, నాలుగింతలగును. మూడింతలైనచో తొమ్మిదింతలగును. నీరు దొర్లించుకొనిపోగల రాతి బరువు ఇంకను వింతగా పెరుగును. వేగము రెండింతలైనచో 64 రెట్లు బరువుగల రాతిని దొర్లింపగలదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. నిన్న గులకరాళ్లను ఆడించిన యేరు నేడు గుండ్లను దొర్లించుటలోని రహస్యమిది.

వార్తాపత్రికలలో కావేరికి ఇన్ని వేల క్యూసెక్కుల నీరు వచ్చుచున్నదని మీ తండ్రులు చదువుచుందురు. ఒక క్యూసెక్కు అనగా క్షణమునకు, అనగా సెకనుకు, ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. పదివేల క్యూసెక్కులనగా సెకనుకు సుమారు 2,83,000 లీటర్లు. బరువున ఇది 283 టన్నులు. ఒక పెద్ద యేనుగు బరువు నాలుగు టన్నులనుకొన్నచో, సెకనుకు 70 ఏనుగుల మంద మన యెదుటనుండి పరుగెత్తిపోవుటతో ఇది సమానము. ఏనుగుల దారికి అడ్డుపోరాదని దెంకణికోట అడవుల దాపున బ్రతుకు మనకు వేరుగా చెప్పవలెనా? నీటి సంగతియు అంతియే.

3. నీటిని చదువు విధము

పుస్తకమునకు అక్షరములున్నట్లు నదికిని గురుతులు కలవు. వానిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది బాణపు మొన. రెండు రాళ్లనడుమ లోతైన దారి యున్నచో, నీటిపై దిగువవైపునకు మొన చూపు బాణమువంటి గీత యేర్పడును. అది పడవ పోదగిన దారి. ఆ మొన ఎగువవైపు తిరిగియున్నచో, అచ్చట నీటిలో రాయి దాగియున్నదని యర్థము. ఒకే గురుతు, దిక్కు మారిన అర్థము మారును.

రెండవది ఎదురునీరు. పెద్ద రాతికి దిగువను నీరు శాంతించి, మెల్లగా ఎగువకు మరలును. నేర్పరియైన పడవవాడు అలసినప్పుడు ఈ చోటికి చేరి ఊపిరి పీల్చుకొనును. ముందున్న దారిని ఇచ్చటినుండియే పరికించును.

మూడవది గుండము. నీరు రాతిమీదినుండి నిలువునా పడినచోట అడుగుకు పోయి, మరల పైకివచ్చి, వెనుకకు తిరిగి, మరల పడుచుండును. దానిలో చిక్కిన కొయ్యదుంగ గంటలకొలది అచ్చటనే దొర్లుచుండును. మనుష్యుడు చిక్కినను అంతే. చూపరులకు ఇది చిన్న దుముకుగా తోచును. అందుచేతనే ఇది మిక్కిలి మోసకరమైనది.

నాలుగవది కూలిన చెట్టు. నీరు కొమ్మల సందులనుండి జల్లెడలోవలె సాగిపోవును. మనిషి మాత్రము కొమ్మలకు చిక్కి నిలిచిపోవును.

ఈ గురుతులను బట్టి విదేశీయులు నురుగునీటిని ఆరు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతి పసివారు సైతము పోదగినది. అయిదవది ఆరితేరినవారికే తగినది. ఆరవదానిలో ప్రాణముపై ఆశ కలవారు దిగరాదు. నీరు హెచ్చినను తగ్గినను ఒకే నది తరగతి మారుచుండునని గుర్తుంచుకొనవలెను. వేసవిలో చూచిన కావేరి వానకారు కావేరి కాదు.

4. మన పుట్టి

తెలుగున పుట్టి అనియు హరిగోలు అనియు, కన్నడమున హరిగోలు అనియు, తమిళమున పరిసల్ అనియు పిలువబడు ఈ పడవ బుట్టవలె గుండ్రముగా నుండును. చీల్చిన వెదురుబద్దలతో బుట్టను అల్లి, అంచును గట్టిగా బిగింతురు. పూర్వము వెలుపల తోలు కప్పెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు పరచి, తారు పూయుచున్నారు. హొగేనకల్ పుట్టి అడ్డుకొలత సుమారు రెండుంబావు మీటర్లు. ఎనమండుగురు కూర్చుండవచ్చును. చేయి తిరిగినవారు దీనిని సుమారు ఒక దినమున కట్టుదురు.

ఇది నిన్న మొన్నటి పడవ కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520వ సంవత్సరమున, డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమునకు వచ్చెను. తుంగభద్రను దాటు పడవలు బుట్టలవలె గుండ్రముగా నున్నవనియు, వానికి వెలుపల తోలు కప్పియున్నదనియు, పదునైదు ఇరువదిమంది పట్టుదురనియు, తిన్నగా పోజాలక తిరుగుచునే పోవుననియు అతడు వ్రాసిపెట్టెను. నేడును హంపివద్ద తుంగభద్రపై పుట్టులు తిరుగుచున్నవి.

పుట్టి ఎందుకు గుండ్రముగా నున్నది? పొడవైన పడవ ఉరవడికి అడ్డముగా తిరిగినచో నీరు దాని ప్రక్కపై మోది బోల్తాకొట్టించును. పుట్టికి ప్రక్కయే లేదు. నీరు ఎటునుండి త్రోసినను అది గిరగిర తిరిగి తప్పించుకొనును. రాతికి తగిలినను వెదురు వంగునే కాని విరుగదు.

దీనికి కావలసిన నీటిలోతు ఎంతయో లెక్కవేయుదము. అడ్డుకొలత 2.25 మీటర్లైనచో వైశాల్యము సుమారు 4 చదరపు మీటర్లు. ఎనమండుగురి బరువును పుట్టి బరువును కలిసి 520 కిలోగ్రాములనుకొందము. ఆర్కిమెడిస్ సూత్రము ననుసరించి ఇది 0.52 ఘనపు మీటర్ల నీటిని తొలగింపవలెను. 0.52ను 4చే భాగించిన 0.13 మీటరు, అనగా 13 సెంటీమీటర్లు. అడుగుభాగము కొంత ఒంపుగా నుండుటచేత మరికొంత దిగును. మొత్తముమీద జానెడు నీరున్న చాలును. రాళ్లు మెండుగా నున్న కావేరిలో ఇంతకంటె తగిన పడవ ఏది?

పుట్టిని నడుపువాడు ముందువైపున నుండి, ఒక్క తెడ్డుతో నీటిని తనవైపునకు లాగికొనుచు సాగును. కూర్చున్నవారు కదలక, బరువు సమముగా పంచుకొని కూర్చుండవలెను. ఒకవైపునకు అందరు వంగినచో పుట్టియు ఆ వైపునకే వంగును. దిగువకు పోయిన పుట్టిని ఉరవడికి ఎదురుగా నడుపుట సాధ్యము కాని చోట, పడవవాడు దానిని బోర్లించి నెత్తిపై నెత్తుకొని, రాళ్లమీదుగా నడచి వచ్చును. దూరమునుండి చూచువారికి పెద్ద తాబేలు నడచివచ్చుచున్నట్లు తోచును.

5. విదేశముల తెప్ప

ఆఫ్రికాలోని జాంబెజి నదిపై ఒక మహాజలపాతము కలదు. 1855లో దానిని చూచిన లివింగ్‌స్టన్ తమ రాణిపేరిట దానికి విక్టోరియా జలపాతమని నామకరణము చేసెను. కాని అచ్చటి ప్రజలు అంతకుముందునుండియే దానిని 'మోసి-ఓఆ-తున్యా' అని పిలుచుచుండిరి. ఉరుము పొగ అని దాని యర్థము. చూచితిరా! మనవారు పొగరాయి యనిరి; వారు ఉరుము పొగ యనిరి. వేల మైళ్ల దూరమున, ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు, దుముకు నీటిని చూచి ఒకే మాట తలంచిరి.

ఆ జలపాతము ఎత్తు సుమారు 108 మీటర్లు. వెడల్పు 1,700 మీటర్లకు మించినది. దాని దిగువనున్న లోతైన కనుమలో రబ్బరు తెప్పపై తొలి ప్రయాణము 1981లో జరిగెను. నేడది ప్రపంచప్రసిద్ధము.

రబ్బరు తెప్ప కథ రెండవ ప్రపంచయుద్ధముతో ముడిపడియున్నది. యుద్ధము ముగిసిన పిదప సైన్యమునకు అక్కరలేని రబ్బరు పడవలు అమెరికాలో చౌకగా అమ్ముడుపోయినవి. సాహసికులు వానిని కొని నదులలో దించిరి. గాలి నింపిన తెప్ప రాతికి తగిలినచో బంతివలె వెనుకకు దూకును. వెదురు వంగి తప్పించుకొనినట్లే రబ్బరును తప్పించుకొనును. ఉపాయమొక్కటే, వస్తువు వేరు.

తెప్పలో ఆరుగురో ఎనమండుగురో అంచులపై కూర్చుందురు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తెడ్డు. నాయకుడు వెనుకవైపున నుండి ముందుకు, వెనుకకు, ఆపు అని ఆజ్ఞాపించును. అందరును ఒకే లయతో తెడ్డు వేయవలెను. పుట్టికిని తెప్పకును గల భేదమిచ్చట కనబడును. పుట్టిలో ఒకడు శ్రమింప తక్కినవారు నిశ్చలముగా నుండవలెను; తెప్పలో అందరు శ్రమింపవలెను. రెంటియందును ఒక్కని మాటయే చెల్లవలెను. నదీమధ్యమున వాదప్రతివాదములకు తావు లేదు.

6. ఆగుటయు సాహసమే

1869 మే 24వ తేదీన జాన్ వెస్లీ పవెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పదిమంది జట్టుతో, నాలుగు కొయ్యపడవలతో కొలరాడో నదీకనుమలను కనుగొన బయలుదేరెను. యుద్ధమున గాయపడి అతడు కుడిచేతిని పోగొట్టుకొనినవాడు. ఒంటిచేతి మనిషి అట్టి కనుమలలో దిగినాడు! కాని అతని పద్ధతి గమనింపదగినది. నురుగునీటి చప్పుడు వినబడగనే పడవలను ఒడ్డునకు చేర్చెడివాడు. రాళ్లెక్కి దారిని పరికించెడివాడు. పోదగినచో పోయెడివారు, కానిచో పడవలను త్రాళ్లతో కట్టి ఒడ్డువెంట దింపెడివారు, లేక మోసికొనిపోయెడివారు. జూన్ నెలలో ఒకనాడు ఒడ్డునకు రమ్మని చేసిన సైగను ఒక పడవవారు సకాలమున అందుకొనలేకపోయిరి. ఆ పడవ రాళ్లకు కొట్టుకొని ముక్కలయ్యెను. మనుష్యులు మాత్రము బ్రతికిరి. మూడునెలలకు పైగా శ్రమపడి ఆగస్టు 29న పవెల్ కనుమను దాటెను.

రెండవ ఉదాహరణము మన గంగదే. 1953లో టెన్సింగుతో కలిసి ఎవరెస్టు శిఖరమెక్కిన ఎడ్మండ్ హిల్లరీ, 1977లో జెట్ పడవలపై గంగాసాగరమునుండి హిమాలయముల దిక్కుగా గంగకు ఎదురేగెను. ఋషీకేశము దాటి, నురుగునీటితో పోరాడుచు నందప్రయాగవరకు పోయెను. అచ్చట ఒక జలపాతము దారికి అడ్డమైనది. లోకములోని మిక్కిలి యెత్తైన కొండ నెక్కినవాడు అచ్చట పడవను ఆపి, ఒడ్డునకు దిగెను. హిల్లరీ ఆగినచో అది పిరికితనమని ఎవరు చెప్పగలరు? నదిలో ఎచ్చట ఆగవలెనో తెలియుట సాహసములో సగము.

7. మనవారి దుఃఖము

నీటిని చదువుట కేవలము పడవవారికే అక్కరయని తలంపరాదు. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదునుండి విద్యాయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు, హిమాచలప్రదేశమున మండి జిల్లాలో, బియాస్ నదీగర్భమునందలి రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. నది చిన్నగా, నిర్మలముగా పారుచుండెను. ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి నీరు విడువబడెను. నిమిషములలో ప్రవాహము పెరిగి, ఇరువదినలుగురు విద్యార్థులను, వారితో నున్న యాత్రా నిర్వాహకుని కొట్టుకొనిపోయెను. వారెవరును పడవ నెక్కలేదు, ఈత కొట్టబోలేదు. రాళ్లమీద నిలిచియుండిరి, అంతియే. ఎగువను ఆనకట్ట గల నదికి ముందు హెచ్చరిక మేఘమువలన రాదు. ఎండకాయుచుండగనే వరద వచ్చును.

2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిపై పాపికొండల దారిలో కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగెను. నది అప్పుడు వరదలో నుండెను. ఇరువదియారుగురు బ్రతికి బయటపడగా, సుమారు ఏబదిమంది ప్రాణములు కోల్పోయిరి. మునిగినవారికి మొదట చేయూతనిచ్చినవారు నాటుపడవలలో వచ్చిన ఆ చుట్టుప్రక్కల గ్రామస్థులే. లోతున సుడులనడుమ చిక్కిన ఆ పడవను అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం జట్టు త్రాళ్లతోను లంగరులతోను వెలికితీసెను. నీటితో పుట్టి పెరిగినవారి అనుభవము ఎంత విలువైనదో ఆనాడు రాష్ట్రమంతయు చూచినది.

హొగేనకల్ కును ఎగువను కృష్ణరాజసాగరము, కబిని జలాశయములు కలవు. వానినుండి నీరు హెచ్చుగా విడిచినప్పుడు అధికారులు పుట్టులను నడుపరాదని ఆజ్ఞ చేయుదురు. సెలవుదినమున ఎంతో దూరమునుండి వచ్చినవారికి ఇది నిరాశ కలిగించుట సహజము. కాని ఆ ఆజ్ఞ నదిని చదివి వ్రాసినది. దానిని గౌరవించి, జలపాతమును దూరమునుండి చూచి, ఇంటికి మరలుటయే తెలివి.

8. పాటింపవలసిన నియమములు

నదీప్రయాణమునకే గాక, మన చెరువులకు, రాతిగనుల గుంటలకు, కెలవరపల్లి, కృష్ణగిరి జలాశయములకు సైతము ఈ నియమములు కొన్ని వర్తించును.

(1) తేలుకవచము తొడుగక పుట్టినిగాని తెప్పనుగాని ఎక్కరాదు. పట్టీలన్నియు బిగింపవలెను. వదులుగా వ్రేలాడు కవచము నీటిలో తలమీదుగా ఊడిపోవును. ఈతగానికిని ఇది వలయును. తల రాతికి తగిలినవాడు ఈత మరచును.

(2) పడవవాడు కూర్చుండుమన్నప్పుడు కూర్చుండవలెను. ఛాయాచిత్రమునకై లేచి నిలువరాదు.

(3) ఉరవడిలో పడినచో నిలువబూనరాదు. రాళ్లసందున పాదము చిక్కినచో నీరు మనిషిని ముందుకు వంచి ముంచును. వెల్లకిల పడుకొని, పాదములు దిగువవైపునకు చాచి, కాలివ్రేళ్లు నీటిపై కనబడునట్లు తేలుచు, మెల్లగా ఒడ్డువైపునకు చేరవలెను.

(4) ఎవరైన మునుగుచున్నప్పుడు వెంటనే దూకరాదు. త్రాడో, గడయో, చీరయో, గాలి నింపిన ట్యూబో అందింపవలెను, పెద్దలను కేకవేయవలెను. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోవుట మన పల్లెలు ఎరిగిన దుఃఖమే.

(5) నీటిమట్టము పెరిగినను, నీరు ఉన్నట్టుండి బురదరంగు తిరిగినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చినను, చప్పుడు మారినను క్షణము జాగు చేయక ఒడ్డెక్కవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. నీటికి దూరముగా నుండుమని భయపెట్టుటవలన పిల్లలు నీటికి దూరము కారు, దొంగతనముగా పోవుదురు. పెద్దల కనుసన్నలలో ఈత నేర్పించుట మేలు. ఆడపిల్లలకును ఈత నేర్పవలెను. నీరు ఆడ మగ అని చూడదు.

9. పడవవాని గౌరవము

ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన పిదప బోడిమల్లయ్య యని మనలో ఒక సామెత కలదు. కృతఘ్నుని గూర్చి చెప్పిన మాటయైనను దీనిలో పడవవాని బ్రతుకు దాగియున్నది. నీటిపై నున్నంతసేపు అతడు మనకు దైవము. ఒడ్డు చేరినంతనే కూలిడబ్బులకై బేరమాడబడువాడు. అతనికి పట్టములు లేవు. కాని ఏ రాయి ఏ నెలలో మునుగునో, ఏ పాయలో అడుగున గుండమున్నదో, ఏ చప్పుడునకు వెనుదిరుగవలెనో అతనికి తెలియును. ఆ తెలివి పుస్తకములకెక్కలేదు, మాటలలో నిలిచియున్నది. సుడి, మడుగు, రేవు, పాయ, ఉరవడి, తెడ్డు, గడ, తెప్ప అను మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఎరుక. మాట పోయినచో దానితో కూడ ఎరుకయు పోవును.

మనలో పెక్కుమంది ఇంటను తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడుచున్నాము. ఇది మనకు లోటు కాదు. మూడు నదులు కలిసినచోట నీరు లోతుగా నుండును. సుడిని తమిళులు 'సుళి' అందురు, కన్నడిగులును 'సుళి' అందురు. నురుగు తమిళమున 'నురై', కన్నడమున 'నొరె'. నీటిని గూర్చి మన పెద్దలు మూడు భాషలలో దాచిపెట్టిన ఎరుకను మనము చేజార్చుకొనరాదు.

రేపు మీలో ఎవరైన చదువులకో ఉద్యోగములకో విదేశములకు పోయి, అచ్చటి నదులపై తెప్పనెక్కుదురు గాక. అప్పుడు నాయకుడు దూరమున నురుగును చూపి, దారి ఎచ్చటనున్నదని అడిగినచో, బాణపు మొనను చూచి చెప్పగలవారు కండు. అది ఎచ్చట నేర్చితివని అడిగినచో, మా సీమ పుట్టివారు దీనిని ఎప్పుడో ఎరుగుదురని చెప్పుడు.

అభ్యాసము

1. ఉరవడి గల నీరు తెల్లగా కనబడుటకు కారణమేమి? అట్టి నీటిలో తేలుట ఏల కష్టము?

2. నీటి వేగము నాలుగింతలైనచో దాని త్రోపు ఎన్నింతలగును?

3. కావేరికి 20,000 క్యూసెక్కుల నీరు వచ్చుచున్నచో, అది సెకనుకు ఎన్ని లీటర్లు? ఎన్ని టన్నులు?

4. పుట్టిలో అయిదుగురు మాత్రమే కూర్చుండిరి. వారి బరువును పుట్టి బరువును కలిసి 340 కిలోగ్రాములైనచో, అది సుమారు ఎంత లోతు మునుగును?

5. పవెల్, హిల్లరీల చరిత్రలవలన మీరు గ్రహించిన నీతిని పది పంక్తులలో వ్రాయుడు.

6. మీ యింటి పెద్దలను, పొరుగువారిని అడిగి, ఏరు, చెరువు, బావి, వాన వీనికి సంబంధించిన ఇరువది తెలుగు మాటలను, వానికి సరియైన తమిళ, కన్నడ పదములను సేకరింపుడు.